రెండు టేపులు

చిన్నప్పటి నుంచీ దర్జీ ఒళ్లంతా పుల్లలా ఉండి, పొట్ట మాత్రం ముందుకు పొడుచుకొచ్చేది. వీధిలో వాళ్లు బానపొట్ట అని పేరు పెట్టారు. పెట్టినవాళ్లే పెద్దయ్యాక ఆయన చేత బట్టలు కుట్టించుకున్నారు, అది వేరే సంగతి. ఆయన అక్కకీ అదే పొట్ట, అదే నీరసం. జబ్బు పేరేమిటో తెలియకుండానే ఆమె కన్నుమూసింది. ఆయనకు తెలిసేసరికి నలభై ఏడేళ్లు నిండాయి.

డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. ఒంట్లో ఒక రకం కొవ్వును కరిగించే ఎంజైమ్ ఆయనకు పుట్టుకతోనే కొరవడింది. అమ్మానాన్నల నుంచి వచ్చిన లోపం. ఆ కొవ్వు పేరుకుని కడుపులో ఎడమపక్కనుండే ప్లీహం ఉబ్బింది. కొరవడిన ఎంజైమ్‌ను బయట తయారుచేసి, రెండు వారాలకోసారి సెలైన్‌లా ఎక్కిస్తారు. ప్లీహం తగ్గితే పొట్టా తగ్గుతుంది. మధ్యలో మానితే మళ్లీ మొదటికొస్తుంది.

మొదటిసారి మందు ఎక్కించుకునే రోజు పొద్దున్నే పొట్ట కొలుచుకుని క్యాలెండర్ వెనక రాసుకున్నాడు, నలభై అంగుళాలని. ఇక పూటకోసారి కొలుచుకుని బెంగపెట్టుకుంటాడని తెలిసి, ఆరు నెలల దాకా కొలవనని భార్య ఒట్టు వేయించుకుంది. ఇరవై ఏళ్లుగా మెడలో వేలాడుతున్న పాత టేపు తీసేసి, కొత్తది కొనిచ్చింది.

ఆరు నెలలు గడిచాయి. ఒట్టు తీరిన పొద్దున కొలుచుకున్నాడు. నలభై. క్యాలెండర్ తిప్పి చూస్తే అక్కడా నలభయ్యే.

"రేపు ఆసుపత్రికి రాను. పన్నెండుసార్లు పొడిపించుకున్నా గోరంత తగ్గలేదు" అన్నాడు భార్యతో.

"మెట్లెక్కితే ఆయాసం రావట్లేదుగా? మొహం తేటపడింది కూడా."

"నన్ను ఓదార్చకు. టేపు అబద్ధం చెప్పదు."

ఆమె ఏదో అనబోతుంటే పోస్ట్‌మాన్ కొత్త చొక్కా పట్టుకుని వచ్చాడు. ఈ ఆరు నెలల్లో కుట్టించుకున్న మిగతా వాళ్లందరికీ దర్జీ మళ్లీ కొలతలు తీసినా, పోస్ట్‌మాన్ మాత్రం తీరిక లేదని పుస్తకంలోని పాత కొలతలకే కుట్టమన్నాడు.

"గుండీలు పట్టట్లేదయ్యా" అన్నాడు.

దర్జీ ఛాతీ కొలిచాడు. నలభై. పుస్తకంలో ముప్ఫై ఎనిమిది ఉంది.

"లావయ్యావు."

"రోజంతా సైకిల్ తొక్కేవాణ్ణి, లావెక్కడవుతాను? ఒంటిమీదున్నది నువ్వు పోయినేడు కుట్టిందే. ఎక్కడైనా బిగుతుగా ఉందా చూడు."

ఎక్కడా లేదు. దర్జీ చేతిలోని కొత్త టేపు వంక చూశాడు. భార్య లోపలికి వెళ్లి, కిటికీ రెక్క కొట్టుకోకుండా కట్టి ఉంచిన పాత టేపు విప్పుకొచ్చింది. రెండింటినీ కత్తిరింపు బల్ల మీద పక్కపక్కనే పరిచింది. పాతదాని నలభై, కొత్తదాని నలభై రెండు దగ్గర ఆగింది.

ఇరవై ఏళ్లు లాగీ లాగీ అది సాగిపోయింది. ఒంటినీ గుడ్డనీ దానితోనే కొలిచాడు కాబట్టి ఇన్నేళ్లూ ఎవరి చొక్కాకీ తేడా రాలేదు. పోస్ట్‌మాన్ చొక్కాకే ఒళ్లు పాత టేపుతో, గుడ్డ కొత్త టేపుతో కొలిచినట్టయింది.

దర్జీ పాత టేపు పొట్ట చుట్టూ తిప్పాడు. ముప్ఫై ఎనిమిది. మళ్లీ కొలిచాడు. ముప్ఫై ఎనిమిదే. కుట్టుమిషన్ ముందున్న స్టూలు మీద కూలబడి భోరున ఏడ్చాడు.

పోస్ట్‌మాన్ కంగారుపడ్డాడు. "చొక్కా కోసం ఇంతగా ఏడవాలా? లోపల గుడ్డ వదిలే ఉంటావుగా, విప్పి కుడితే సరి."

భార్యకు నవ్వాగలేదు, కన్నీళ్లూ ఆగలేదు. "తగ్గిందండీ" అంది. ఆయన తలూపాడు. అక్కకు కూడా ఈ మందు అంది ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాడు. ఆ బాధ పోలేదు, కానీ చాలాకాలానికి గుండె నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

సాయంత్రానికి దర్జీ పోస్ట్‌మాన్ చొక్కాను వదులు చేశాడు. తన చొక్కాకి రెండు పక్కలా బిగించి కుట్టాడు.

మర్నాడు ఆసుపత్రిలో నర్సు సూది పట్టుకుని ఏ చెయ్యని అడిగింది. ఆయన రెండూ చాపాడు.