బోర్డు మీద రాసిన పేరు

నా చిన్నప్పుడు, నాకు పదేళ్ళు నిండిన ఆ చలికాలంలో, ఎవరిదో జాతి పేరు పెట్టుకుని నేను దుబాయ్‌లో ఒక షాపింగ్ మాల్‌లో డాన్సు చేశాను. ఈ సంగతి చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. చెప్పబోయిన ప్రతిసారీ చెవులు వేడెక్కేవి. ఇప్పుడూ వేడెక్కుతున్నాయి. అయినా చెబుతాను.

మా బాపు అల్ ఖూజ్‌లో ఒక వర్క్‌షాప్‌లో వడ్రంగులకు ఫోర్‌మన్. పెళ్ళిళ్ళకూ, మాల్స్‌లో జరిగే పండుగలకూ స్టేజీలు కట్టడం ఆ కంపెనీ పని. అక్కడే పై అంతస్తులో, కుట్టుమిషన్ల దగ్గర, మా యాడి డాన్సు వాళ్ళకు బట్టలు కుట్టేది. మా భాషలో అమ్మను యాడి అంటాం. షార్జాలో మూడు కుటుంబాలు పంచుకున్న ఒక ఫ్లాట్‌లో మాదొక గది. సొంతూరు కామారెడ్డి వైపు ఒక తండా. ఊళ్ళోవాళ్ళు మమ్మల్ని లంబాడోళ్ళు అంటారు. మాలో మేము మాత్రం గోర్ అని చెప్పుకుంటాం. షార్జాలో ఆ రెండు మాటలూ మా నోట వచ్చేవి కావు. ఎవరైనా అడిగితే తెలుగువాళ్ళం అని ఊరుకునేవాళ్ళం.

కరోనా రోజుల్లో ఒకసారి నా ఆన్‌లైన్ క్లాసు నడుస్తుండగా, మైకు ఆపలేదని తెలియక, యాడి మా భాషలో నన్ను అన్నానికి పిలిచింది. తెర మీది చిన్న చిన్న గడుల్లో పిల్లలందరూ నవ్వారు. ఒకడు ఆ మాటను అలాగే అని చూపించాడు. ఆ రోజు నుంచి యాడి మా భాషలో ఏం అడిగినా నేను తెలుగులో జవాబివ్వడం మొదలుపెట్టాను. కొన్నాళ్ళకు ఆమె కూడా నాతో తెలుగులోకి వచ్చేసింది. నేను గెలిచాననుకున్నాను.

మళ్ళీ బళ్ళు తెరిచారు, మాల్స్ నిండాయి, కానీ ముఖాలకు మాస్కులు ఇంకా ఉన్నాయి. చైనావాళ్ళ కొత్త సంవత్సరానికి ఒక మాల్‌లో వారం రోజుల పండుగ పెట్టారు. చైనా నుంచి రావలసిన డాన్సు బృందం ప్రయాణాల ఆంక్షల వల్ల రాలేకపోయింది. బట్టలు అప్పటికే కుట్టేశారు, స్టేజీ కట్టేశారు. మా బాపు కంపెనీ ముదీర్, అంటే మేనేజరు, ఆలోచించి, ఇక్కడే దొరికిన ఫిలిప్పీన్స్, నేపాల్ అమ్మాయిలను పోగుచేసి, వీడియోలు చూపించి నాలుగు రోజుల్లో డాన్సు నేర్పించాడు. ముందు వరుసలో నిలబడడానికి ఒక చిన్నపిల్ల కావాలన్నాడు. బాపు నన్ను తీసుకెళ్ళాడు.

నాకు నుదుటి మీద వెంట్రుకలు కత్తిరించారు. తల మీద ఎద్దు కొమ్ముల్లా వంపు తిరిగిన వెండిరంగు కిరీటం పెట్టారు. దాని అంచుల నుంచి వేలాడే బిళ్ళలు కళ్ళ దాకా వచ్చేవి. కింద ఎర్ర మాస్కు. అద్దంలో చూసుకుంటే నన్ను నేనే గుర్తుపట్టలేదు. నాకది ఎంత సంతోషంగా అనిపించిందో చెప్పలేను. స్టేజీ పక్కన బోర్డు మీద అరబ్బీలో, ఇంగ్లీషులో 'మియావో డాన్స్' అని రాసి ఉంది, చైనాలో ఒక జాతి పేరట అది. ఎవరైనా ఏమైనా అడిగితే మాట్లాడొద్దని, తల ఊపి చేయి ఊపి వచ్చేయమని ముదీర్ మాకందరికీ చెప్పాడు.

మొదటిరోజు సాయంత్రం ఆట ముగిసి దిగుతుంటే ఒకామె జనాన్ని తప్పించుకుంటూ నా దగ్గరికి వచ్చింది. పొట్టిగా, సన్నగా, నల్ల ఏప్రన్‌తో ఉంది. ఆ మాల్‌లోనే కింది అంతస్తులో గోళ్ళకు రంగులు వేసే సెలూన్‌లో పనిచేస్తుందని తర్వాత తెలిసింది. నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, నాకు తెలియని భాషలో మెల్లగా ఏదో అడిగింది. నేను తల ఊపాను. మరొకటి అడిగింది. దానికీ ఊపాను. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎందుకో అర్థం కాలేదు. ముదీర్ చెప్పినట్టే చేశాను కదా అనుకుని చేయి ఊపి వచ్చేశాను.

రెండోరోజూ వచ్చి స్తంభం పక్కన నిలబడి చూసింది. మూడోరోజు ఆట మొదలయ్యే ముందు వచ్చి, ఏప్రన్ జేబులోంచి ఒక నడుం పట్టీ తీసింది. ఎరుపు, ఆకుపచ్చ దారాలతో గడులు గడులుగా కుట్టిన గుడ్డ. బాగా పాతది, కానీ ఎక్కడా చిరగలేదు. తనే నా నడుముకు చుట్టి కట్టింది. కట్టాక వెనక్కి జరిగి నన్ను చూసుకుంది. పండగ పూట సొంత బిడ్డకు కొత్తబట్టలు తొడిగి చూసుకుంటారు కదా, అలాగ. తీసుకోకూడదని నాకు తెలుసు. అయినా తీసుకున్నాను.

స్టేజీ వెనక అమ్మాయిలు ఆ బోర్డు మీది పేరును పట్టుకుని వేళాకోళం ఆడేవారు. మియావో, మియావ్ అని పిల్లిలా అరుచుకునేవారు. వాళ్ళలో కలిసిపోవాలని నేను అందరికంటే బాగా అరిచేదాన్ని. నాలుగోరోజు, డాన్సు ఆఖరున అందరూ ఆగిపోయే చోట, నాకేం తోచిందో ఏమో, ముందుకు ఒక అడుగు వేసి, చేతిని పిల్లి పంజాలా ఎత్తి, "మియావ్!" అన్నాను. జనం గొల్లుమన్నారు. ఫోన్లు పైకి లేచాయి. పక్క నుంచి ముదీర్ బొటనవేలు చూపించాడు. నేను ఇంకోసారి అన్నాను.

అప్పుడు స్తంభం దగ్గర ఆమెను చూశాను. ఆ రోజు సెలూన్ నుంచి ఇంకో అమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చింది. నన్ను చూపించడానికే తెచ్చిందని ఇప్పుడు తెలుస్తోంది. ఆ అమ్మాయి నవ్వుతోంది. ఆమె మాత్రం నవ్వలేదు. కోప్పడనూ లేదు. ఎత్తిన నా చేతిని, నడుముకున్న పట్టీని ఒకసారి చూసి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. నా చేయి ఇంకా గాలిలోనే ఉంది.

మర్నాడు ఆమె రాలేదు. నేను మాత్రం పంజా ఎత్తాను. ముదీర్ దాన్ని ఆటలో భాగం చేసేశాడు.

ఆ తర్వాతి రోజు నా బడికీ, యాడి పనికీ సెలవు, ఆట మాత్రం సాయంత్రం ఉంది. నా సంచి సర్దుతూ యాడి ఆ పట్టీని బయటికి తీసింది. బట్టను తిరగేసి వెనకవైపు చూసింది. కుట్టుపని తెలిసినవాళ్ళు మొదట వెనకవైపే చూస్తారు. ఒక్క ముడి కనబడలేదు. చాలాసేపు వేలితో తడుముతూ కూర్చుంది.

"ఇది కంపెనీది కాదు. ఎవరిచ్చిన్రు నీకు?"

అబద్ధం చెబుదామనుకున్నాను. కానీ ఆ గుడ్డ మీద ఆమె చేయి కదులుతున్న తీరు చూశాక నోరు రాలేదు. అంతా చెప్పేశాను, తల ఊపడం, పట్టీ తీసుకోవడం, పంజా, అన్నీ. కొడుతుందనుకున్నాను. ఆమె కొట్టలేదు. కిటికీ వైపు తిరిగి, నాకెప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్పింది.

"నేను ఏడో తరగతిల ఉన్నప్పుడు మా బళ్ళె ఫంక్షన్ అయింది. సారు నన్ను పిల్చి, మీ ముసలమ్మ బట్టలు తేపో, లంబాడి డాన్స్ పెడుతున్నం అన్నడు. నన్నే ఆడమంటడనుకొని తండాకు ఉరికిన. అద్దాల రవిక, పావడా, గాజులు, అన్నీ మూటగట్టి తెచ్చిన. తీస్కపోయి వేరే పిల్లలకు కట్టిన్రు. నన్ను కింద కూసుండబెట్టిన్రు. డాన్స్ ఆఖరికి ఒక పిల్ల తల గోక్కుంట పేన్లు తీస్తున్నట్టు చేసింది. అందరు నవ్విన్రు."

పట్టీని మళ్ళీ తిరగేసింది.

"నేను గూడ నవ్విన. మా ముసలమ్మ బట్టలే అవి. నేను లంబాడిదాన్నని పక్క పిల్లకు యాదికి రావద్దని, అందరికంటే గట్టిగ నవ్విన. గా నవ్వు నన్ను ఇప్పటికీ ఇడుస్తలేదు."

ఆమె లేచి చెప్పులు వేసుకుంది. "నడువ్. ఇచ్చి వద్దాం. నువ్వే ఇయ్యాలె, నువ్వే చెప్పాలె. నేను వెనక నిలవడ్త, అంతే."

సెలూన్‌లో ఆమె ఒకావిడ వేళ్ళకు రంగు వేస్తోంది. తలెత్తి మమ్మల్ని చూసి, కస్టమర్లనుకుని, కూర్చోమని సైగ చేసింది. నన్ను గుర్తుపట్టలేదు. ఎలా గుర్తుపడుతుంది? కిరీటం లేదు, మాస్కు మామూలు నీలిరంగుది. నేనెవరో నేనే చెప్పుకోవాలి. ఎన్ని అడుగులు వేసి ఆమె దగ్గరికి వెళ్ళానో ఇప్పటికీ లెక్క ఉంది, తొమ్మిది. మాస్కు తీసి, పట్టీని రెండు చేతులతో చాపి, "అది నేనే" అని ఇంగ్లీషులో అన్నాను. "సారీ" అనాలని దారంతా అనుకున్నాను. అది రాలేదు.

ఆమె పట్టీని చూసింది, నన్ను చూసింది, నా వెనక యాడిని చూసింది. ముందు ఆ కస్టమర్ పది వేళ్ళూ పూర్తిచేసింది. అంతసేపూ చేతులు చాపుకుని అలాగే నిలబడ్డాను.

ఆ తర్వాత మాట్లాడింది. సగం హిందీ, సగం ఇంగ్లీషు, దుబాయ్‌లో అందరం మాట్లాడే ఆ కలగాపులగం భాషే.

"మొదటిరోజు నేనేం అడిగానో తెలుసా? మీది ఏ ఊరు అని అడిగాను. నువ్వు అవునన్నావు. మీ అమ్మ పేరేంటి అని అడిగాను. దానికీ అవునన్నావు."

యాడి తల దించుకుంది.

"భాష మర్చిపోయిన పిల్ల అనుకున్నాను. మా అక్క పిల్లలు పట్నంలో పెరిగి అట్లాగే అయ్యారు. పాపం అనిపించింది. అందుకే తెచ్చాను. మా అమ్మ కుట్టింది."

ఆమెది చైనాలో, వియత్నాం సరిహద్దు కొండల్లో ఒక పల్లె. కాగితాల్లో వాళ్ళ పేరు మియావో అనే ఉంటుందట. కొందరికి ఆ పేరు పరవాలేదు, వాళ్ళే అలా చెప్పుకుంటారు. వాళ్ళ ఇంట్లో మాత్రం ఎవరూ అనరు. హ్మోంగ్ అంటారు. నా తల మీద పెట్టిన కొమ్ముల కిరీటం కూడా వాళ్ళది కాదు, ఎక్కడో దూరాన ఉండే వేరేవాళ్ళది. వాళ్ళ భాష ఈమెకు అర్థం కాదు, కాగితం మీద మాత్రం అందరూ ఒకటే. సరిహద్దు అవతల ఉన్న తనవాళ్ళను పాతరోజుల్లో పిల్లి అని ఏడిపించేవారని, ఆ పేరు అక్కడి భాషలో కూడా పిల్లి అన్నట్టే వినబడుతుందని చెప్పింది. అది చెప్పేటప్పుడు ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది.

వాళ్ళ నాన్న వెదురుగొట్టాల బూర ఊదుతూ ఆడేవాడట. ఊపిరి ఆపకుండా ఊదుతూనే వంగి, ఒంటికాలి మీద గిర్రున తిరిగేవాడట. ఆ బూర ఊరికే మోగదు, మాటలు చెబుతుంది, తెలిసినవాళ్ళకు అర్థమవుతుంది అంది. సెలూన్ కుర్చీల మధ్య ఉన్న కాస్త జాగాలో లేచి, మోకాళ్ళు వంచి, నాన్నలా ఒక చుట్టు తిరిగి చూపించింది. నేను నాలుగు రోజుల్లో నేర్చిన డాన్సులో అలాంటిది ఒక్కటీ లేదు.

కూర్చున్నాక యాడిని అడిగింది, "మీరెవరు?"

"ఇండియన్" అంది యాడి.

"అది తెలుసు. ఇంట్లో ఏమంటారు?"

యాడి నా వైపు చూసింది. నా పదేళ్ళలో బయటివాళ్ళ ముందు ఆమె ఆ మాట అనడం నేనెప్పుడూ వినలేదు. "గోర్" అంది. సెలూన్ ఆమె ఆ మాటను సరిగ్గా వచ్చేదాకా రెండుసార్లు పలికింది. తర్వాత హ్మోంగ్ అనే తన మాటను మా చేత పలికించింది. మొదట్లో ముక్కులోంచి చిన్న ఊపిరి వదలాలి. నాకు మూడోసారికి వచ్చింది. నా పేరు అడిగితే చెప్పాను. యాడి పేరు కూడా అడిగి తెలుసుకుంది.

పట్టీని మడిచి సొరుగులో పెట్టుకుంది. మళ్ళీ నాకివ్వలేదు. ఇవ్వకపోవడమే న్యాయం.

ఆ సాయంత్రం డాన్సు ఆఖరున నేను చేతులు కిందికే ఉంచాను. "అరే, బిల్లీ కర్! బిల్లీ!" అని, పిల్లిలా చెయ్యమని పక్క నుంచి ముదీర్ అరుస్తున్నాడు. ముందు నిలబడిన పిల్లలు వాళ్ళంతట వాళ్ళే మియావ్, మియావ్ అంటున్నారు. అయినా చేయి ఎత్తలేదు. ఆమె అక్కడ లేదు, చూడలేదు. దిగాక ముదీర్ బాపుతో, "ఖలాస్, రేపు పిల్లను తేవొద్దు" అన్నాడు. బాపు నా తల మీది కిరీటం తీసి పెట్టెలో పెట్టాడు. మర్నాడు, ఆఖరి ఆటలో, నా బదులు ఒక నేపాల్ అమ్మాయి పంజా ఎత్తిందట. జనం బాగా నవ్వారట. నేను మొదలుపెట్టినది నేను మానేసినా ఆగలేదు.

మా గదిలో మాత్రం మా భాష మళ్ళీ వచ్చింది. మొదట్లో నా నోట సరిగా తిరిగేది కాదు. యాడి నవ్వకుండా దిద్దేది.

రెండు నెలల తర్వాత ఆ మాల్ వైపు వెళ్ళినప్పుడు, యాడి అద్దాలు కుట్టిన చిన్న సంచి ఒకటి పట్టుకుని నాతో సెలూన్‌కు వచ్చింది. అక్కడ అందరూ కొత్తవాళ్ళే. ఆ కుర్చీలో పనిచేసిన ఆమె ఏదని అడిగాం. కౌంటర్ దగ్గరి అమ్మాయి రిజిస్టరు తెరిచి, మంచిగానే అడిగింది, "ఆమె పేరేంటి?"

యాడి నన్ను చూసింది. నేను యాడిని చూశాను. ఆమె మా ఇద్దరి పేర్లూ అడిగి పలికి నేర్చుకుంది. వాళ్ళ జాతిని ఏమని పిలవాలో మాకు నేర్పింది. ఆమెను ఏమని పిలవాలో మేమిద్దరం అడగనేలేదు.

అందుకే ఇంత చెప్పీ ఇందులో ఆమెను 'ఆమె' అనే అన్నాను. ఇప్పుడు ఎవరిని కలిసినా, రెండో మాట మాట్లాడకముందే పేరు అడుగుతాను, మీ ఇంట్లో ఎలా పిలుస్తారో అలాగే చెప్పండి అంటాను, సరిగ్గా పలకడం వచ్చేదాకా వదలను. చాలామంది సంతోషిస్తారు. మంచి అలవాటు అంటారు. వాళ్ళు అలా అన్న ప్రతిసారీ రిజిస్టరు తెరిచి పట్టుకున్న ఆ అమ్మాయి ముందు నోరు తెరవలేక నిలబడినట్టే ఉంటుంది నాకు.