మావయ్యగారి కొత్త రోలు

డెబ్బైల్లో మాట. పెళ్ళయి తిరువూరు కాపరానికి వచ్చిన కొత్త. మావయ్యగారు దగ్గర్లోని నెమలి ఊరి తిరునాళ్ళలో ముచ్చటపడి ఎర్రరాతి రోలు కొనుక్కొచ్చి, పాత నల్లరోలును పెరట్లోకి నెట్టించారు.

ఓ రోజు చుట్టాలొస్తే, ఆ కొత్త రోట్లోనే పప్పు రుబ్బి గారెలు వేశాను. గారె కొరికిన మావయ్యగారు పంటికింద ఇసుక తగిలి తుపుక్కున ఉమ్మేశారు.

“ఏమ్మా, పప్పు కడగడం మీ పుట్టింట్లో నేర్పలేదా?” అన్నారు అందరి ముందూ.

నాకు ఒళ్ళు మండింది. “తప్పు పప్పుది కాదండీ, మీ రోలుది” అన్నాను. అత్తయ్య చెయ్యి గిల్లినా ఆగలేదు. “ఇది ఇసుక పొరలు పేరుకుని గట్టిపడ్డ అవక్షేప శిల. రుబ్బితే మళ్ళీ ఇసుకే రాలుతుంది. పెరట్లోది భూమి లోపల కరిగి చల్లారిన అగ్నిశిల, అది రాలదు. బళ్ళో చదివాను.”

రెండు రోళ్ళూ కడిగి, వట్టి నీళ్ళు పోసి పొత్రం తిప్పాను. ఆ నీళ్ళు రెండు గ్లాసుల్లో తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఒకటి తేటగా ఉంది, రెండోదాంట్లో అడుగున ఇసుక.

“ఏది తాగుతారో తాగండి మావయ్యగారూ.”

ఆయన ఇసుక గ్లాసే ఎత్తి గటగటా తాగేశారు!

మర్నాడు పొద్దున్నే ఆయనే నల్లరోలును వంటింట్లో పెట్టించారు. ఆయనా ఓడిపోయానని అనలేదు, నేనూ తగ్గలేదు. పప్పు కడగడం రాదన్న మాట మాత్రం ఆ ఇంట్లో మళ్ళీ వినపడలేదు.