వంగిన కాలికి బూటు

మా అన్న ఎర్నెస్ట్‌కు మనుషుల పేర్లు గుర్తుండవు. కాళ్ళు గుర్తుంటాయి. ఆదివారం చాపెల్ రోడ్డు చర్చిలో ఆరాధన ముగిశాక ఎవరైనా పలకరిస్తే, మొహం చూసి తడబడి, కిందికి చూసి, "ఆఁ, ఎడమ మడమ! మంచిగున్నవా?" అంటాడు. వాళ్ళు నవ్వుతారు. పక్కనున్న నేను కొంగు సర్దుకుంటూ అటు తిరుగుతాను.

అన్నకు అరవై దాటాయి. పెళ్ళి చేసుకోలేదు. నాంపల్లి స్టేషన్ వెనక సందులో కింద దుకాణం, పైన రెండు గదులు. మావారు సామ్ సుందర్ రైల్వేలో పనిచేసేవారు. ఆయన పోయాక నేను ఈ పై గదుల్లోకి వచ్చాను. వండటం, ఉతకడం, సాయంత్రం కిటికీ దగ్గర కూచుని రైళ్ళ చప్పుడు వినడం, అంతే నా పని. కిందికి దిగేదాన్ని కాదు. అన్న కూడా దిగమని అడిగేవాడు కాదు. మధ్యాహ్నం అన్నానికి పైకి వచ్చి ఆ రోజు వచ్చిన కాళ్ళ సంగతులన్నీ చెప్పేవాడు. నేను విన్నా వినకపోయినా చెప్పేవాడు. నా కంచంలో అన్నం అయ్యేదాకా తను లేచేవాడు కాదు.

మా నాన్న మెదక్‌లో ఒక మిషన్ దవాఖానలో తోటపని చేసేవాడు. అన్న పదో తరగతి తప్పి, అదే దవాఖానలో పోలియో పిల్లలకు కాలిపట్టీలు చేసే గదిలో చేరాడు. తోలు కుట్టడం, ఇనుము వంచడం, కాలికి పిండికట్టు వేసి అచ్చు తీయడం అక్కడే నేర్చుకున్నాడు. ఇప్పుడు ఇనుము పోయి ప్లాస్టిక్ వచ్చింది. ప్లాస్టిక్ రేకును పెద్ద ఓవెన్‌లో పెట్టి, పచ్చి అప్పడంలా వాలిపోయేదాకా వేడిచేసి, అచ్చు మీద పరిచి, చేతి తొడుగులు వేసుకుని నిమురుతాడు. చల్లారాక అది కాలి ఆకారంలో నిలిచిపోతుంది.

దుకాణంలో ఒక ఎత్తు పీట ఉంది. ఎవరు వచ్చినా ముందు దాని మీద కూచోవాలి, కాలు వేలాడేయాలి. అన్న కింద చాప మీద కూచుని ఆ కాలికి కట్టు చుట్టి అచ్చు తీస్తాడు. దవాఖానలో నేర్పింది అదే. వచ్చేవాళ్ళంతా నిలబడలేనివాళ్ళే కాబట్టి దాన్ని మార్చాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

పోయిన వానాకాలంలో నాంపల్లి కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైన వామన్‌రావు గారు మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చారు. ఆ పిల్ల పేరు అక్షిత, బషీర్‌బాగ్‌లో డిగ్రీ చదువుతోంది. చిన్నప్పుడు స్కూటర్ మీంచి పడి కుడికాలు విరిగితే, అది అతుక్కున్నా పిక్క మాత్రం ఎడమదానికంటే సన్నగా ఉండిపోయింది. అప్పట్లో దానికి పట్టీ చేసింది మా అన్నే. ఈసారి ఆమె సంచిలోంచి రెండు బూట్లు తీసింది. ఒక్కొక్కటి చిన్న బక్కెట్ అంత ఉంది.

"ఏంది రావుసాబ్, బిడ్డ చంద్రుని మీదికి పోతుందా?" అన్నాడట అన్న.

"చంద్రుడైనా నయముండె, ఎర్నెస్ట్ సాబ్. కశ్మీర్‌ల మంచుకొండ మీదికెల్లి జారుతదట. మనం బాత్రూమ్‌ల జారితె ఇల్లంత లొల్లి. ఈమె జారుడుకేమో కోచ్ ఉన్నడు!"

"తాతా, నువ్వు జర ఆగుతావా? అంకుల్, దాన్ని స్కీయింగ్ అంటరు."

సంగతేమిటంటే, ఆ ఆటలో కాళ్ళకు పొడుగాటి పలకలు బిగించుకుని మంచు మీద జారతారట. కాలు ఎటు వాలితే పలక అటు తిరగాలి. కాలి మాట పలకకు చేరవేసేది బూటే. వదులైతే పలక మాట వినదు. బిగిస్తే కాలు ఓర్చుకోదు. అక్షిత కుడి బూటు బిగిస్తే ముందర ఎముక మీద రాయి పెట్టి నొక్కినట్టు ఉండేది, వెనక పిక్క దగ్గరేమో పిడికిలి పట్టేంత సందు. కిందటి చలికాలం కశ్మీర్ శిక్షణ శిబిరంలో నొప్పి ఓర్చుకోలేక కొండ సగంలో కూలబడి, బూటు విప్పుకుని ఏడ్చిందట.

"ఈసారి కాలికి సరిపోయే బూట్లుంటేనే రా, లేకుంటే నీ జాగల ఇంకొకరిని తీసుకుంట అన్నడు కోచ్ సార్, అంకుల్. పెద్ద పెద్ద షాపుల్లో అడిగిన. రెండు కాళ్ళూ ఒక్కతీరు ఉన్నోళ్ళకే చేస్తరట."

మంచు బూటు ఎన్నడూ చెయ్యనివాడు, మంచే ఎన్నడూ చూడనివాడు, చేస్తానని ఒప్పుకున్నాడు. ఆ మధ్యాహ్నం అన్నం తింటూ నాకు అదే కథ.

"అడుగుభాగం పలకకు తగులుకుంటది చెల్లె, దాన్ని ముట్టద్దు. పై భాగం మనది. కంపెనీవాడేం చేసిండో తెలుసా? ఒక్కటే రేకు కాలి చుట్టు తిప్పి, ఒక అంచు మీద ఇంకో అంచు ఎక్కించిండు. బిగిస్తె మొత్తం ఒక్క దిక్కే గుంజుకపోతుంది. కుచ్చిళ్ళన్ని ఒక్క పక్కకే దోపుకుంటె ఎట్లుంటది? గట్ల."

"కుచ్చిళ్ళ సంగతి నీకెందుకన్నా," అన్నాను. చాలా రోజుల తర్వాత నవ్వాను కాబోలు, అన్న ఒక్కక్షణం ముద్ద ఆపి నన్ను చూశాడు.

అన్న ఆలోచించింది ఇది. వెనక పిక్కను పట్టుకునే దొప్ప ఒకటి. ముందర ఎముక మీద నాలుకలాంటి ముక్క, వేరుగా. రెండింటినీ కలుపుతూ వెనక నుంచి రెండు వైపులా సమంగా వచ్చే పట్టీలు. అప్పుడు ఎంత బిగించినా ఒక్కచోటే గుంజకుండా కాలి చుట్టూ ఒకేలా దగ్గరికి వస్తుంది. లోపల మెత్త, సన్న కాలికి కాస్త మందంగా.

ఎక్కడ ఒత్తుతోందో తెలుసుకోవడానికి అన్నకు దవాఖాన నాటి పద్ధతి ఒకటుంది. దొప్ప లోపలంతా లిప్‌స్టిక్ పూస్తాడు. కాలికి తెల్లమేజోడు తొడిగి బిగిస్తాడు. విప్పి చూస్తే ఎక్కడ ఒత్తిందో అక్కడ మేజోడు మీద ఎరుపు ముదురుగా అంటుకుంటుంది. ఆ లిప్‌స్టిక్ ఆబిడ్స్‌లో ఒక ఫ్యాన్సీ దుకాణంలో కొంటాడు. ఒకసారి కూరగాయలకని నేనూ వెంట వెళ్ళాను. కౌంటర్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఈ తెల్లజుట్టు మనిషిని చూసి, "ఆంటీ కోసమా సార్? స్కిన్ కలర్ ఏంది?" అంది.

"కాలికమ్మా. ఎర్రగా ఉంటె చాలు."

ఆ పిల్ల నా వైపు చూసింది. నేను వంకాయల సంచి వైపు చూశాను.

దసరా సెలవులు అయ్యేసరికి బూట్లు తయారయ్యాయి. అక్షిత వచ్చి, పీట మీద కూచుని తొడిగించుకుంది. లేచి నిలబడింది. విప్పితే మేజోడు మీద ఎరుపు చుట్టూరా పల్చగా, సమంగా పరుచుకుని ఉంది. అన్న సంతోషం పట్టలేక మెట్ల దగ్గర నిలబడి, "చెల్లె, దిగి రా, చూద్దువుగాని!" అని కేక పెట్టాడు. నేను సగం మెట్ల దాకా దిగి, అక్కడే నిలబడి చూశాను.

వామన్‌రావు గారు ఫోన్ తీశారు. "మళ్ళ తొడుగు బిడ్డా. గాడ ఎట్ల జారుతవో గట్ల నిలబడు, ఫోటో తీస్త. మీ నానమ్మకు చూపియ్యాలె."

అక్షిత వేరే తెల్లమేజోళ్ళు వేసుకుని బూట్లు మళ్ళీ బిగించుకుంది. మోకాళ్ళు వంచి, ఒళ్ళంతా ముందుకు వాల్చింది. ఫోటో కోసం నవ్వబోయిన మొహం అట్లాగే ఆగిపోయింది.

"అంకుల్... మళ్ళీ అట్లనే ఉంది."

విప్పి చూస్తే ముందర ఎముక మీద ఎర్రటి గీత, వెనకంతా తెలుపు. అన్న ఆ ఎత్తు పీట మీద తనే కూచుండిపోయాడు.

"నేను కూసున్న కాలికి చేసిన," అన్నాడు. "ఈ బిడ్డ కూసోనీకి పోతలేదు గదా."

"ఫికర్ చెయ్యకు ఎర్నెస్ట్ సాబ్," అన్నారు వామన్‌రావు గారు. "కూసొని జారే పోటీ ఏమన్న ఉన్నదేమో అడుగుత."

అక్షిత నవ్వలేదు. శిబిరానికి పోవాల్సిన రోజు దగ్గర పడుతోంది. పోతే సరిపోయే బూట్లతో పోవాలి, లేదంటే ఇంట్లో ఉండాలి. ఆ పిల్ల బూట్లను సంచిలో పెట్టబోతే అన్న చెయ్యి అడ్డం పెట్టాడు. "అవి ఈడనే ఉండనీ."

మర్నాడు అన్న అన్నానికి పైకి రాలేదు. పిలిచినా పలకలేదు. కంచంలో పెట్టుకుని నేనే కిందికి దిగాను. అద్దం ముందు మా అన్న మోకాళ్ళు వంచి, చేతులు చాచి, కోడిని పట్టబోయేవాడిలా నిలబడి ఉన్నాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి ఉంది.

"ఏం చేస్తున్నవన్నా?"

"ఈడ పట్టి చూడు. వేలాడేసిన కాలుకు పిక్క మెత్తగ కిందికి జారి ఉంటది. వంగి నిలబడితె గట్టిపడి పైకి పోతుంది. కాలు అదే, ఆకారం వేరే. ఇన్నేండ్లు ఒక్కరన్న వంగి నిలబడ్డోళ్ళు నా దుకాణంకు రాలే చెల్లె, నాకెట్ల తెలుస్తది?" అని, కంచం చూసి, "ఏం కూర?" అన్నాడు.

"బెండకాయ."

"అయితె తిన్నంక చేస్త."

అచ్చు మళ్ళీ తీయాలి. ఈసారి పిల్ల వంగి నిలబడాలి, పిండికట్టు గట్టిపడేదాకా కదలకూడదు. రెండు కాళ్ళకూ ఒకేసారి చుట్టాలి, లేకపోతే ఒక కాలు అయ్యేలోపు ఆమె అలసిపోయి బరువు రెండో కాలి మీదికి మారుస్తుంది. అంటే ఇంకో జత చేతులు కావాలి.

"నువ్వు రా," అన్నాడు అన్న.

"నాకేం వస్తదన్నా?"

"పట్టీ చుట్టుడు వస్తది గదా. సామ్‌కు చుట్టినవ్."

ఆ ఇంట్లో మావారి పేరు పైకి అని చాలా కాలమైంది. చివరి రోజుల్లో ఆయన కాళ్ళు వాచిపోయేవి. పొద్దున లేవగానే పాదం దగ్గర మొదలుపెట్టి మోకాలి దాకా నేనే పట్టీ చుట్టేదాన్ని. గట్టిగా లాగితే ఆయన కళ్ళు మూసుకునేవారు. అందుకని లాగకుండా చుట్టడం నేర్చుకున్నాను.

అక్షిత వచ్చింది. గోడకు వీపు ఆనీ ఆనకుండా వంగి నిలబడింది. అన్న కుడికాలు, నేను ఎడమకాలు. తడి పట్టీ చేతిలోకి తీసుకున్నాక నాకు ఆలోచించాల్సిన పని లేకపోయింది. చేతులే చూసుకున్నాయి. పిండికట్టు మొదట చల్లగా ఉండి, తర్వాత వెచ్చబడుతుందని మాత్రం నాకు తెలియదు.

ఎదురుగా కుర్చీలో వామన్‌రావు గారు. "మీ బడిల గోడకుర్చీ వేయించలేదా బిడ్డా? మా కాలంల రోజూ అదే."

"నేను మంచి స్టూడెంట్‌ని తాతా," అంది అక్షిత వణుకుతూ.

"గదే గలతీ అయింది. జర అల్లరి చేసి ఉంటె ఇయ్యాల అలవాటుండేది."

"అంకుల్, తాతయ్యను బయటికి పంపండి! నవ్వొస్తుంది, కదులుతున్న!"

"రావుసాబ్, నోరు ముయ్యకుంటె మీ నోటికి గూడ పట్టీ చుడుత," అన్నాడు అన్న.

నేను ఆ పిల్ల నడుం పట్టుకున్నాను. తొడలు గడగడలాడుతున్నాయి. నా భుజం మీద చెయ్యి వేసి, "ఆంటీ, మీ చెయ్యి పడ్డట్టే లేదు," అంది. అన్న వేలితో కట్టు మీద కొట్టి చూసి, టకటకమని మోగాక గానీ వదల్లేదు.

దొప్పలు మళ్ళీ చేశాడు, మెత్తలు మళ్ళీ కత్తిరించాడు. ఈసారి పరీక్ష కూచుని కాదు. అక్షిత బూట్లు బిగించుకుని గోడకుర్చీ వేస్తే, వామన్‌రావు గారు పక్కన నిలబడి పేపరు పైకి చదివారు. మొదటి పేజీ అయిపోయింది. ఆటల పేజీ అయిపోయింది. పెళ్ళి ప్రకటనలు మొదలుపెట్టగానే, "అది చదివితే విప్పేస్త," అంది అక్షిత. విప్పి చూస్తే మేజోడు మీద ఎరుపు ముందూ వెనకా ఒకే ఛాయలో ఉంది. అన్న దాన్ని వెలుతురుకు పట్టి తిప్పి తిప్పి చూశాడు.

ఆ బూట్లతోనే ఆమె సందు చివరి దాకా ధన్‌ధన్‌మని నడిచి వచ్చింది. ఆటోవాళ్ళు పక్కకు జరిగి దారిచ్చారు.

అక్షిత ఢిల్లీ బండి నాంపల్లిలోనే ఎక్కింది. నేను కిటికీలోంచి ఆ బండి పోయిన చప్పుడు విన్నాను. తర్వాత కబురేమీ లేదు. అన్న పైకి తెలియనివ్వలేదు గానీ, అన్నం తినేటప్పుడు ఫోన్ కంచం పక్కన పెట్టుకోవడం మొదలుపెట్టాడు.

ఒక సాయంత్రం టీ తాగుతుంటే అది మోగింది. అన్న స్పీకరు పెట్టాడు.

"అంకుల్! పొద్దున వేసుకున్న బూట్లు ఇప్పుడే విప్పిన! పైనుంచి కిందిదాక, మధ్యల ఎక్కడా ఆగలే. కోచ్ సార్ ఉండమన్నడు. శిబిరంల ఉంటున్న!"

నేను స్తోత్రం చెప్పుకున్నాను. అన్న మాత్రం ముందుకు వంగి, "ఏడ ఒత్తింది?" అన్నాడు.

"ఎక్కడా ఒత్తలే."

"నా ముందర మర్యాదకు చెప్పకు బిడ్డా. ఏదో ఒకటి ఉంటది."

"ఒత్తుడు కాదు గానీ... పై పట్టీ చలికి బిర్రుగ అయిపోతుంది అంకుల్. గ్లౌజులతోని తీయనీకి వస్తలేదు. పక్క పిల్లతోని తీయించుకున్న."

అన్న మొహం వెలిగిపోయింది. శిబిరంలో ఉంటున్నానన్నప్పుడు కూడా అంత వెలగలేదు. "ఔ! చలి! చలి సంగతే నేను మరిచిన!" అని ఫోన్ నా చేతిలో పెట్టి, టీ అట్లాగే వదిలి, మెట్లు దిగిపోయాడు. నేను అక్షితకు జాగ్రత్తలు చెబుతుండగానే రకరకాల పట్టీ ముక్కలు గుప్పిట నిండా పట్టుకుని పైకి వచ్చాడు.

"చెల్లె, నీ ఫ్రిజ్జుల ఐసు పెట్టే జాగ ఖాళీ చెయ్యి. మంచు అంటె మనకు గదే. ఏది బిర్రుగ అయితదో ఏది కాదో చూడాలె."

"దాంట్లో ఆదివారానికి చేపలున్నయి అన్నా."

"ఇయ్యాల్నే వండు. రావుసాబ్‌ను గూడ పిలుస్త... ఆయన చేప తింటడా?"

"తినరు. పప్పు కూడా పెడతలే," అన్నాను.

చేపల డబ్బా బయటికి తీసి, ఆ పట్టీలను ఒకదానికొకటి అంటుకోకుండా లోపల పరిచాను. అన్న కింద షట్టర్ దగ్గర నిలబడి వామన్‌రావు గారితో ఫోన్లో గట్టిగా మాట్లాడుతున్నాడు. నేను చింతపండు నానబెట్టాను.