మా ప్రెసిడెంటుగారి విదేశీ వ్యవహారాలు

ఒరిస్సాలోని రాయగడలో మేమున్న రోజుల్లో అక్కడి తెలుగువాళ్ళకు ఒక సంఘం ఉండేది. సంఘం అంటే ఒక రేకుల గది, రెండు బెంచీలు, ఒక పెట్రోమాక్స్ లైటు, పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే వంటపాత్రలు. అయినా దానికొక ప్రెసిడెంటు ఉన్నాడు కనుక మా దృష్టిలో అది ఒక దేశం. శ్రీకాకుళం, విజయనగరం వైపునుంచి వచ్చి కొట్లు పెట్టుకున్న షావుకార్లు, కోస్తానుంచి వచ్చిన టీచర్లు, నర్సులు, నాలాంటి ఆఫీసు గుమస్తాలు ఆ దేశపు పౌరులు. ఏడాదికొకసారి చందా కట్టడం, ఏడాది పొడుగునా ప్రెసిడెంటుని తిట్టుకోవడం మా ప్రాథమిక హక్కులు.

ప్రెసిడెంటుగారు చింతపండు టోకు వ్యాపారి. ఆయన గోదాములో సరుకంతా ఒకేసారి నానబెడితే గుణుపురం దగ్గర వంశధార పులుసై పారుతుందని చెప్పుకునేవారు. ఈ మాట పుట్టించింది నేనే, కాని నాలుగు రోజుల తర్వాత నాకే ఎవరో చెబితే నమ్మాను. భారీ మనిషి. కుర్చీలో కూర్చుంటే కుర్చీ కనబడేది కాదు, లేస్తే కుర్చీ కూడా లేచేది. ఆయనకు తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్న వ్యసనం ఒక్కటే, బయటి ఊళ్ళ తెలుగు సంఘాలతో సంబంధాలు పెంచుకోవడం.

సెమిలిగుడలో నలుగురు తెలుగువాళ్ళు చేరి సంఘం పెట్టుకున్నారని తెలిస్తే చాలు, ఈయన శాలువా పట్టుకుని బస్సెక్కేవాడు. మాచ్‌ఖండ్ కాలనీలో కరెంటు ఉద్యోగులకు ఒక సంఘం ఉండేది. అక్కడికి ఈయన వెళ్ళి శాలువా కప్పేవాడు. కప్పించుకున్నవాళ్ళు ఊరుకుంటారా? బదులు తీర్చడానికి ఒక జీపునిండా వచ్చి మా ప్రెసిడెంటుకి శాలువా కప్పేవాళ్ళు. వచ్చిన ప్రతినిధి వర్గానికి సంఘం ఖర్చుతో పప్పన్నం, పులిహోర, అరిసెలు. వాళ్ళు తిని వెళ్ళిన వారం ఊళ్ళో కందిపప్పు దొరికేది కాదు. ఇలా శాలువాలు కొండలెక్కీ దిగీ నలిగిపోతుంటే సంఘం గది రేకులు మాత్రం చిల్లులుపడి నక్షత్రాలు చూపించేవి.

ఇదంతా చర్చించడానికి మాకొక పార్లమెంటు ఉండేది, బట్టల షావుకారు కొట్టు అరుగు. సాయంత్రం ఆఫీసు వదిలాక ఇంటికి వెళ్ళడానికి కాళ్ళు రాక, ఇంకెక్కడికి వెళ్ళాలో తెలియక, నేను అక్కడే కూలబడేవాణ్ణి. ఆసుపత్రి కాంపౌండరు వచ్చేవాడు. ముందురోజు పేపరు పాసింజరు బండిలో ఆ వేళకు చేరేది. ఒకసారి అందులో రాష్ట్రపతి విదేశ పర్యటన వార్త పడింది. ఇక మా వాళ్ళకు పట్టపగ్గాలు లేవు.

"రాష్ట్రపతి ఇదేశాలెల్తే దేశానికేటో ఒకటొస్తాది. గోదుములో, యంత్రాలో. మనోడు మాచ్‌ఖండ్ ఎల్తే ఏటొచ్చింది? ఫొటో వచ్చింది," అన్నాడు బట్టల షావుకారు.

"అది సంబంధాలండీ షావుకారూ. ముందు ఫొటో వస్తది, ఎనకాల పనొస్తది," అన్నాడు కాంపౌండరు. ఆయన ఎప్పుడూ ప్రెసిడెంటు పక్షమే. రోగికి మందు పనిచేయకపోయినా ధైర్యం చెప్పి చెప్పి ఆయనకది అలవాటైపోయింది.

"రాష్ట్రపతి ఇమానం ఖర్చు మనం సూడం. ఈడి శాలువాల ఖర్చు నాను సూస్తన్నాను. నా కొట్లోనే కొంటన్నాడు."

"మరింకేటి, బేరం నీదే గదా."

"బేరం నాదే. బాధ దేశానిది."

ఈ రెండు మాటల్నే అటు తిప్పి ఇటు తిప్పి ఏళ్ళ తరబడి మాట్లాడుకున్నాం. ఎవరి మనసూ మారేది కాదు. మారుతుందని ఎవరికీ ఆశ కూడా లేదు. చర్చ అయిపోతే ఇంటికి వెళ్ళాలి కనుక చర్చ అయ్యేది కాదు, అంతే.

ఇలా ఉండగా స్కూలు సంగతి మీదపడింది. ఊరి స్కూల్లో మా పిల్లలకోసం ఒక తెలుగు సెక్షను ఉండేది. దానికి ఒక టీచరమ్మ. కాకినాడ వైపునుంచి వచ్చిన క్రైస్తవురాలు. సన్నగా, పొడుగ్గా, సుద్దముక్కకి చీరకట్టినట్టుండేది. పుస్తకాలు ఎన్నో ఏళ్ళ కిందటివి. మూడో తరగతి వాచకం నాలుగో పాఠంతో మొదలయ్యేది. ముందు మూడు పాఠాలూ చిరిగిపోయాయి కనుక ఆవిడ వాటిని నోటితో చెప్పేది. లెక్కల పుస్తకంలో ప్రశ్నలుండేవి, జవాబులున్న వెనక పేజీలు ఉండేవి కావు. ఒక్కో పుస్తకం చుట్టూ పిల్లలు చలిమంట చుట్టూ కూర్చున్నట్టు కూర్చునేవారు.

హెడ్మాస్టరు ఒరియావాడు, పెద్దమనిషి. ఇన్‌స్పెక్టరు వచ్చి, పుస్తకాలు లేకుండా ఏం చదువు చెబుతున్నారని ఆయన్ని నిలదీశాడు. ఎండాకాలం సెలవుల తర్వాత స్కూలు తెరిచేనాటికి పుస్తకాలు లేకపోతే పిల్లల్ని ఒరియా సెక్షన్‌లో కలిపేస్తానని టీచరమ్మతో చెప్పేశాడు. సెక్షను పోతే ఆవిడ ఉద్యోగం కూడా పోతుంది. ఆ ఉద్యోగం ఆ సెక్షనుకి కట్టినది.

ఆవిడ సంఘానికి చెప్పుకుంది. ప్రెసిడెంటుగారు ఛాతీ విరిచి, "ఇది పై లెవెల్లో తేల్చాలి," అని తెలుగు పుస్తకాలు అచ్చువేసే హైదరాబాదుకే బయల్దేరాడు. వీడ్కోలుకి స్టేషనులో జనం ఎంతమంది చేరారంటే, బండి మాకోసమే ఆగిందనుకుని గార్డు ఇంకాస్త సేపు జెండా ఊపలేదు. ఆయన వెంట శాలువా, అల్లం బస్తా, కోరాపుట్ కమలాపళ్ళు ఒక బుట్ట. వారం తర్వాత బుట్ట మాత్రం తిరిగి వచ్చింది. విద్యాశాఖ డైరెక్టరుగారు స్వయంగా కాఫీ ఇప్పించారని ప్రెసిడెంటుగారు చెప్పాడు. ఆ ఒక్క కాఫీ మీద మా అరుగు నెలరోజులు బతికింది. కప్పులోనా గ్లాసులోనా, కింద సాసరుందా, ఉంటే అది మన ఫైలుకి శుభసూచకమా? సంక్రాంతి వెళ్ళాక మళ్ళీ వెళ్ళాడు. అల్లం వెళ్ళింది, శాలువా వెళ్ళింది, పుస్తకాలు రాలేదు.

ఇక్కడ మీరొక మాట అడుగుతారు. ఆ పుస్తకాలు పార్వతీపురం బజారులో అమ్మేవారు కదా, పాసింజరు ఎక్కితే పూటలో వెళ్ళి రావచ్చు కదా అని. అవును, అమ్మేవారు. మా బట్టల షావుకారు ప్రతి మంగళవారం సరుక్కి అక్కడికే వెళ్ళేవాడు. పుస్తకాల కొట్టు పక్కనే కూర్చుని పెసరట్టు తినేవాడు. ఒకరోజు నేను ఉండబట్టలేక అడిగేశాను.

"ఏటి మాటండీ గుమస్తాగారూ," అని ఆయన నొచ్చుకున్నాడు. "పెసిడెంటు ఆ పనిమీద హైదరాబాదు తిరుగుతుంటే, మజ్జిన నాను సంచీలో ఏసుకొచ్చేస్తే ఆయన పరువేటవుద్ది? నాను తిడతాను గాని అవమానం సెయ్యను."

"అదొకటే కాదు," అన్నాడు కాంపౌండరు. "మనం కొనీసుకున్నామనుకో, గవర్నమెంటోళ్ళు ఏటనుకుంటారు? ఈళ్ళకి ఉన్నాయి గదా అనుకుంటారు. ఇంకెప్పటికీ ఇవ్వరు."

అంతకుముందు ఏ విషయంలోనూ కలవని ఇద్దరూ ఈ ఒక్కదాంట్లో కలిశారు. నాకు వాదించే ఓపిక లేదు. పేపరు మడిచి వాళ్ళకిచ్చి ఇంటికి వచ్చేశాను.

మరి ఇంత అసంతృప్తి ఉన్నవాళ్ళు మీటింగులో లేచి అడగవచ్చు కదా అంటే, దానికొక ఆచారం అడ్డు. ఎప్పుడో మొదటి ప్రెసిడెంటుని ఎవరో సభలో, వంటల ఖర్చు ఇంతెందుకైందని అడిగారట. ఆయన లేచి, తన మెడలో దండ తీసి అడిగినవాడి మెడలో వేసి, "అయితే నువ్వే సెయ్యి," అని ఇంటికి వెళ్ళిపోయాడట. అప్పటినుంచి అదే మా రాజ్యాంగం. సభలో ప్రశ్న అడిగినవాడు ప్రెసిడెంటు కావలసిందే. ఎన్నిక లేదు, ఓట్లు లేవు. అందుకని సభకి వచ్చిన ప్రతివాడూ నోట్లో కిళ్ళీ పెట్టుకుని వచ్చేవాడు.

ఆ ఏడు ఉగాది వెళ్ళిన మొదటి ఆదివారం సభ జరిగింది. ఆడవాళ్ళు వంటల వైపు, మగవాళ్ళు బెంచీల వైపు. పిల్లల చేత ప్రార్థన పాడించడానికి టీచరమ్మ వచ్చింది. పాట అయ్యాక ప్రెసిడెంటుగారు లేచి ఏడాది వృత్తాంతం చెప్పాడు. గుణుపురం సంఘంతో మైత్రి గట్టిపడిందన్నాడు. డైరెక్టరుగారు మన ఫైలుని కళ్ళద్దాలు పెట్టుకుని మరీ చూశారన్నాడు. ఎండకి రేకులు కాలుతున్నాయి. లోపల మేము అప్పడాల్లా వేగుతున్నాం. చివరికి ప్రతి ఏడూ అడిగే మాట అడిగాడు.

"ఎవరికేనా సందేహాలున్నాయేటి?"

ఆ మాటతో మగవాళ్ళందరమూ తలలు దించుకుని విస్తళ్ళు ఎక్కడున్నాయా అని వెతుక్కోవడం రివాజు. వెతుక్కుంటున్నాం. పిల్లల పక్కనుంచి గొంతు వినబడింది.

"వందనాలండి. పుస్తకాలు ఎప్పుడొస్తాయండి?"

కిళ్ళీ నమలడాలు ఆగిపోయాయి. బట్టల షావుకారు కంగారుగా అన్నాడు, "టీచరమ్మా, కూకోండి. తెలీక అడిగేరు లెండి. దీన్ని మనవి కింద రాసుకుంటాం."

"తెలిసే అడిగానండి. మనవి చేసి ఆరు నెలలైంది. ఇది ప్రశ్నే," అంది ఆవిడ.

ఆడవాళ్ళు ప్రెసిడెంటు అవుతారా అని ఒకరు గొణిగారు. ఆవిడ చందా కట్టలేదు కదా అని ఇంకొకరు. ప్రెసిడెంటుగారు మాత్రం కదలకుండా ఆవిడనే చూస్తున్నాడు. తర్వాత మెల్లగా తన మెడలో దండ తీశాడు. ఆయన మెడ అంత సన్నగా ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

"సందా నాను కడతాను," అన్నాడు. "అమ్మా, ఇన్నేళ్ళనించీ ఈ పెశ్న కోసమే సూస్తన్నాను. అరుగుల మీద అడిగేరు గాని ఇక్కడొక్కడూ అడగలేదు. ఆపేద్దునా అంటే, ఎల్లమని తోలినోళ్ళూ ఈళ్ళే. ఆ ఆఫీసు వసారాలో పొద్దంతా కూకుంటే లోపలికి పిలిసినోడు లేడు. అల్లం బస్తా నౌకరు అట్టుకుపోయేడు. కాఫీ ఆఫీసు కింద దుకాణంలో నానే కొనుక్కు తాగేను."

మేము నెలరోజులు చర్చించిన కాఫీ అది. కాంపౌండరు తల వంచుకున్నాడు. బట్టల షావుకారు ఏదో అనబోయి, తన కొట్లో అమ్ముడుపోయిన శాలువాలు గుర్తొచ్చాయేమో, మానేశాడు.

టీచరమ్మ ఆయన అందించిన దండ మెడలో వేసుకోలేదు. గొడుగు పట్టుకున్నట్టు చేత్తో పట్టుకుంది. "షావుకారుగారూ, మంగళవారం సరుక్కి వెళ్తున్నారా?" అంది.

"ఎల్తన్నానమ్మా. మరి పైనించి రావలసినయ్యి..."

"ప్రెసిడెంటు చెబితే తెస్తారా, తేరా?"

ఆయన నా వైపు చూశాడు. నేను విస్తళ్ళ వైపు చూశాను. "తెస్తాను," అన్నాడు.

తెచ్చాడు. బట్టల బేళ్ళ మధ్య కట్టి తెచ్చాడు. ఆయన ఎక్కడ మరిచిపోతాడో అని మాజీ ప్రెసిడెంటుగారు ఇంకో కట్ట తెప్పించాడు. ఇద్దరినీ నమ్మక కాంపౌండరు తన బామ్మర్దిచేత మూడో కట్ట తెప్పించాడు. అంతవరకూ ఊళ్ళో తెలుగు అక్షరం కరువు, ఆ తర్వాత పుస్తకాలు పెట్టడానికి చోటు కరువు. అదే రోజుల్లో మాచ్‌ఖండ్ ప్రతినిధి వర్గం జీపులో దిగితే, కొత్త ప్రెసిడెంటుగారు వాళ్ళకు టీ ఇచ్చి, బెంచీమీద కూర్చోబెట్టి, పుస్తకాలకు అట్టలు వేయించింది. వాళ్ళు మళ్ళీ రాలేదు.

అరుగు మీద ఇక చర్చ మారింది. "పెసిడెంటు అన్నాక ఒక పాలి బయటికెల్లాలి, నలుగుర్ని కలవాలి. ఈవిడ ఊరు దాటదు. మనల్నెవరు గుర్తెడతారు?" అని బట్టల షావుకారు. "ఖర్చు పెట్టకపోతే ఎలాగండీ, చందాలేటి చేస్తది?" అని కాంపౌండరు. నాకు నీరసం వచ్చింది. అయినా రోజూ వెళ్ళి కూర్చునేవాణ్ణి.

పుస్తకాలు వచ్చాయి గాని, ఈలోగా తల్లిదండ్రులు ఒకరికి తెలియకుండా ఒకరు పిల్లల్ని ఒరియా సెక్షన్‌కి రాయించేశారు. సెలవుల్లో ఆ ఎండల్లో టీచరమ్మ సంచినిండా పుస్తకాలు వేసుకుని ఇంటింటికీ తిరిగింది. కొందరు పిల్లల్ని వెనక్కి పంపారు. కొందరు మజ్జిగిచ్చి, ఇప్పుడు మళ్ళీ మార్చడమెందుకమ్మా, వాళ్ళకు అక్కడ అలవాటైపోయింది అన్నారు. వాళ్ళు చెప్పినదీ నిజమే. ఇంటికి పోయేదారిలో ఒకరోజు మా గుమ్మంలో కూర్చుండిపోయి చెప్పులు విప్పింది. పాదాలు బొబ్బలెక్కి ఉన్నాయి. మా ఆవిడ నీళ్ళు తెస్తే తాగి, మళ్ళీ చెప్పులేసుకుని లేచింది.

స్కూలు తెరిచిన రోజు హెడ్మాస్టరు వచ్చి పిల్లల్ని చూశాడు, బల్లలమీద పుస్తకాల్ని చూశాడు. పిల్లలకంటే పుస్తకాలే ఎక్కువ. "హౌ, చలిబ," అన్నాడు. సరే, నడుస్తుందిలే అని. టీచరమ్మ కళ్ళు మూసుకుని, ప్రార్థనలా పెదాలు కదిపి, కళ్ళు తెరిచింది. మా అరుగు పౌరులం చూడటానికని వెళ్ళి వసారాలో గుంపుగా నిలబడ్డాం. అట్టలు వంకరగా వేశారని ఒకరు, కిటికీ పక్కన పిల్లల్ని కూర్చోబెట్టకూడదని ఒకరు అప్పుడే మొదలుపెట్టారు. ఆవిడ వచ్చి మావైపు ఒకసారి చూసి, తలుపు దగ్గరగా వేసింది. లోపలినుంచి మూడో తరగతి వాచకం మొదటి పాఠం వినబడటం మొదలైంది.