ఖాళీ క్వార్టర్లో ఏడో నెల

బొగ్గు గనుల కంపెనీ రికార్డుల ప్రకారం గోదావరిఖనిలోని ఆ క్వార్టరు రెండేళ్లుగా ఖాళీ. ఆ ఖాళీలోనే, కాంట్రాక్టు కార్మికుడైన భర్తతో దొంగచాటుగా కాపురముంటున్న స్రవంతికి ఏడో నెల వచ్చింది. రికార్డును గౌరవించి ఆమె పగలు కిటికీ తెరవదు, గట్టిగా దగ్గదు. కాళ్లు వాచినా దవాఖానకు పోదు. అక్కడ ఇంటి నంబరు అడుగుతారు. చెబితే ఇల్లు పోతుంది.

వెనుక వరుసలో ఉండే సుసన్నా కూడా ఒకప్పుడు ఇలాగే, రికార్డుల్లో లేకుండా బిడ్డను కన్న మనిషి. ఆమే వచ్చి చెయ్యి పట్టుకుని లేపింది.

"నడువు. నా ఇంటి నంబర్ రాపిద్దాం."

"దొరికిపోతే ఎట్లక్కా?"

"ఫికర్ చెయ్యకు. ఇయ్యాల్టి సంది నువ్వు నా సొంత చెల్లెవు."

బస్తీ దవాఖానలో నర్సమ్మ అహల్య రిజిస్టరు తెరిచి కళ్లజోడు సర్దుకుంది.

"సుసన్నా, మీ అమ్మకు ఎంతమంది బిడ్డలే? ఈ ఏడు నీ ఇంట్ల గిది నాలుగో కడుపు."

"మా అమ్మ శానా కష్టపడ్డది నర్సమ్మా. జల్ది బీపీ చూడు."

చూసిన అహల్య నవ్వు ఆగిపోయింది. "ఇప్పుడే పెద్ద దవాఖానల చేరాలె."

ఆటో ఎక్కాక స్రవంతికి కొత్త భయం పుట్టింది. భర్త షిఫ్టులో ఉన్నాడు. ఇల్లిప్పుడు నిజంగానే ఖాళీ. ఎవరైనా చొరబడితే ఫిర్యాదు చేసే హక్కయినా లేదు.

"అక్కా, నువ్వు దిగు" అంది, సుసన్నా చెయ్యి వదలకుండానే. "పోయి నా ఇంట్ల కూసో."