ఒక్క చుట్టు తిరిగొద్దాం

మా రౌండు మాస్టారు ఏ గుమ్మంలోకీ నేరుగా అడుగుపెట్టిన పాపాన పోలేదు. ముందు ఆ భవనం చుట్టూ ఒక చుట్టు తిరగాలి, బయల్దేరిన చోటికే వచ్చానా లేదా అని చూసుకోవాలి, ఆ తర్వాతే లోపలికి. బ్యాంకైనా అంతే, మందుల షాపైనా అంతే, సొంత ఇల్లైనా అంతే. లెక్కల డిపార్ట్‌మెంటులో ఆయనదీ నాదీ ఒకే గది. అందుకని ఈ తిరుగుళ్ళ సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు, పిన్నిగారికి తప్ప.

పిన్నిగారంటే ఆయన భార్య. ఓసారి భోజనానికి పిలిస్తే మాస్టారితో కలిసి వెళ్ళాను. గేటు దాటగానే ఆయన నన్నక్కడే వదిలేసి పక్క సందులోకి మాయమైపోయారు.

"కూర్చోమ్మా, వచ్చేస్తారు. ఇప్పుడు వంటింటి వెనక ఉంటారు" అన్నారు పిన్నిగారు తాపీగా. "కిటికీలో తల కనపడగానే కూర వేడి చేస్తాను. గుమ్మంలోకి వచ్చేసరికి సరిపోతుంది."

"మీకు విసుగు రాదూ?"

"కొత్తలో వచ్చేది. ఇప్పుడు తడిబట్టలు కిటికీలోంచి ఆయన చేతికే ఇస్తున్నాను. ఎలాగూ పెరట్లోంచే కదా వెళ్ళేది, ఆరేసి వస్తారు."

కాలేజీలో కొత్తగా చేరిన వాచ్‌మన్‌కి ఇదంతా ఏం తెలుసు? వెనక గోడ దగ్గర నక్కుతున్నారని మాస్టారిని పట్టుకున్నాడు.

"ఇక్కడేం పని మీకు?"

"తిరిగొస్తున్నానయ్యా."

"ఎక్కడికి?"

"బయల్దేరిన చోటికి."

"మరి అక్కడే ఉండిపోవచ్చుగా?"

మాస్టారు ఉబ్బితబ్బిబ్బైపోయారు. "అసలు ప్రశ్న అదేనయ్యా! మా వాళ్ళెవరూ అడగరు" అని అతణ్ణి మెట్ల మీద కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టారు. పాపం, ఆ మనిషి మళ్ళీ ఆయన జోలికి వెళ్తే ఒట్టు.

ఆ పాఠం నేను చాలాసార్లు విన్నాను, మీరూ ఒకసారి వినండి, ముందుముందు అవసరం పడుతుంది. ఆయన జీవితమంతా వక్రరేఖలూ, వాటి మీద లేచే పై అంతస్తులూ. కింద మామూలు చోటు చుట్టూ తిరిగొస్తే పైన కూడా బయల్దేరిన చోటికే వస్తాం. కానీ అక్కడక్కడ పేచీకోరు బిందువులుంటాయి. వాటి చుట్టూ తిరిగొస్తే, కింద చూస్తే అదే చోటు, పైన చూస్తే అంతస్తు మారిపోయి ఉంటుంది. పెద్ద షాపుల్లో కారు పార్కింగ్‌కి స్తంభం చుట్టూ మెలికలు తిరుగుతూ ఎక్కే దారి ఉంటుంది చూడండి, అదే. ఏ చుట్టు దేన్ని ఎలా మారుస్తుందో మాత్రికల్లో రాసిపెడితే దాన్ని గాల్వా అనే లెక్కలాయన పేరు మీద ఒక రకం గాల్వా రిప్రజెంటేషన్ అంటారు. ఇంత తెలిసిన మనిషి ఆ పార్కింగులో తన కారు ఏ అంతస్తులో పెట్టారో ఒక్కనాడూ చెప్పలేకపోయారు.

నన్ను ఉద్యోగంలోకి తీసుకున్న రోజు కూడా ఇదే తంతు. ఇంటర్వ్యూలో బోర్డు మీద ఏదో నిరూపిస్తూ మధ్యలో ఇరుక్కుపోయాను. ఎంత లాగినా లెక్క తేలదు. అప్పుడు కమిటీలో ఒకాయన లేచి, "ఏమండీ, ఒక్క చుట్టు తిరిగొద్దాం రండి, ఈ భవనం పునాది ఒకవైపు కుంగినట్టుంది" అని మిగతావాళ్ళని లాక్కుపోయాడు. ఎవరీ పిచ్చాయన అనుకున్నాను. ఈలోగా పై వరసలో నేనొక మైనస్ గుర్తు మింగేశానని కనపడింది, దిద్దేశాను. కమిటీ ఒగర్చుకుంటూ తిరిగొచ్చింది. ఒక్క చుట్టుకే ఇంత ఆయాసమా, పెద్దవాళ్ళు పాపం అనుకున్నాను. ఉద్యోగం వచ్చింది. అదృష్టమంటే నాదే!

ఇక అసలు సంగతి. నా దగ్గర పరిశోధన చేసిన అమ్మాయికి మొన్న వైవా జరిగింది. బంగారంలాంటి పిల్ల, నోట్లోంచి మాట రావడమే కష్టం. ఆ రోజు గట్టెక్కితేనే చేతికొచ్చిన ఉద్యోగంలో చేరగలదు, లేకపోతే అది ఇంకొకరికి పోతుంది. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు భారీ మనిషి, కొత్త బూట్లు, అడుగేస్తే కిర్రు కిర్రు. మాస్టారు అధ్యక్షులు.

సగం దాకా బాగానే నడిచింది. అప్పుడు పరీక్షకుడు బోర్డు వైపు పెన్ను చూపించాడు. "పేచీ బిందువులు నాలుగే అన్నావు. మరి ఈ ఐదోదాని సంగతి? దీని చుట్టూ తిరిగితే మైనస్ ఒకటి వస్తోందిగా. దీన్నెలా వదిలేశావు?"

పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. సుద్దముక్క చేతిలోనే ఉంది, చెయ్యి కదలదు. సాయం చేద్దామా అంటే గైడు నోరు విప్పకూడదు. విప్పినా నాకూ ఏం తోచలేదు, అది వేరే సంగతి.

"ఏమండీ, ఒక్క చుట్టు తిరిగొద్దాం రండి" అన్నారు మాస్టారు.

"ఇప్పుడా?"

"నేను తిరక్కుండా ఏదీ ఒప్పుకోను. ఇక్కడెవర్నైనా అడగండి."

పరీక్షకుడు నా వైపు చూశాడు. నేను తల వంచేసుకున్నాను. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పిల్ల బతుకు బోర్డు మీద వేలాడుతుంటే ఈయనకి షికార్లా!

బూట్ల చప్పుడు మెట్లు దిగి కిటికీ కిందకి వచ్చి, అటు దూరమైంది. పిల్ల ఊపిరి పీల్చుకుంది. బోర్డు దగ్గరికి వెళ్ళి తనలో తనే గొణుక్కోవడం మొదలుపెట్టింది.

"ఒకసారి తిరిగితే మైనస్... రెండుసార్లు తిరిగితే ప్లస్. అయితే దీని మీద రెండంతస్తుల వక్రం కట్టుకుంటే? పైన ఒక చుట్టంటే కింద రెండు చుట్లే కదా! పేచీ లేదు." అంతలోనే నాలుక కరుచుకుంది. "అయ్యో, ఇలాంటి మెలిక ఒక్కచోటే పెడితే కట్టడం కుదరదు. ఇంకోటి కావాలి... ఆఁ, ఆ నాలుగింట్లో ఒకటి తీసుకుంటే పోలా! అవెలాగూ పేచీవే."

బూట్లు మళ్ళీ కిటికీ కిందకి వచ్చేసరికి చకచకా రాసేస్తోంది. పరీక్షకుడు చెమట తుడుచుకుంటూ వచ్చి, బోర్డు చూసి, చాలాసేపు చదివి, "ఇది నీ థీసిస్‌లో చేర్చమ్మా, దానికంటే బాగుంది" అన్నాడు. పిల్ల గట్టెక్కింది. నేను కళ్ళు తుడుచుకోలేదని అబద్ధమెందుకు చెప్పాలి?

అందరూ వెళ్ళాక మాస్టారిని వరండాలో నిలేశాను. "నిజం చెప్పండి. ఈ తిరుగుడు మీ పిచ్చా, ఎత్తా?"

"పిచ్చే. అనుమానం దేనికి?" అన్నారు. "అంతమంది కళ్ళప్పగించి చూస్తుంటే నాకే కూడికలు రావమ్మా, ఆ పిల్లకెలా వస్తుంది? వాళ్ళని కాసేపు బయటికి తీసుకుపోవాలి. మామూలు మనిషి రమ్మంటే ఎందుకంటారు. పిచ్చివాడు పిలిస్తే మొహమాటానికైనా లేస్తారు."

అప్పుడు వెలిగింది నాకు. "అంటే ఆ రోజు నా ఇంటర్వ్యూలో..."

"అమ్మో, నీతోనా! మూడు చుట్లు తిప్పాల్సి వచ్చింది. రెండో చుట్టులో కిటికీలోంచి చూస్తే ఆ మైనస్ ఇంకా పెట్టనే లేదు నువ్వు. వాళ్ళకి ఆ పునాది చూపించి చూపించి నా నోరు పడిపోయింది."

మాటల్లోనే నడుచుకుంటూ మా డిపార్ట్‌మెంటు వాకిలికి వచ్చేశాం. మాస్టారు అలవాటుగా పక్కకి తిరిగారు.

"ఆగండి, నేనూ వస్తాను" అన్నాను.

"రా, కానీ తొందరగా నడువు" అన్నారు వెనక్కి చూడకుండా. "నీతో అయితే నాకు ఎప్పుడూ ఎక్కువసేపు పడుతుంది."