పచ్చరంగు కట్టెబాతుతో హిందూపురం నుంచి ధర్మవరం దాకా

మా తాత పోయి చాలా ఏళ్లయినా, హిందూపురంలో ఆయన పేరెత్తితే బంధువులు నవ్వుతూనే ఉండేవాళ్లు. వయసులో ఉన్నప్పుడు ఆయన పెనుకొండలో ఉండేవాడు. చెరువుల మీదికి బాతుల వేటకు వచ్చే దొరలకు కట్టెతో బాతులు చెక్కి ఇచ్చేవాడట. ఆ కట్టెబాతుకు తాడు కట్టి నీళ్లలో వదిలితే, పైన ఎగిరే బాతులు అది తమదేననుకుని గుంపులు గుంపులుగా పక్కనే దిగేవట. తుపాకులవాళ్లు తుమ్మచెట్ల చాటున కాచుకుని ఉండేవాళ్లట. ఈ కథ ఆయన ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు, నమ్మినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. ఊళ్లో ఆయనకు మిగిలిన పేరు 'బాతుకోతలాయన'.

ఆ బాతుల్లో ఒకటి హిందూపురంలో మా చిన్నాయన ఇంట్లో టీవీ మీద ఉండేది. కిటికీలకు వేయగా మిగిలిన పచ్చ ఎనామెల్ పెయింటును చిన్నాయన దానికి పూసేశాడు, తళతళలాడుతుందని. ఓసారి పాత తలుపులు కొనడానికి మా వీధికి వచ్చిన బెంగళూరు వ్యాపారి దాన్ని చేత్తో ఎత్తి చూసి, "పిల్లల బొమ్మ సార్, చక్రాలు ఊడిపోయుంటాయి" అని పెట్టేశాడు. అందరికంటే గట్టిగా నవ్వింది చిన్నాయనే. నాకు ఒళ్లు మండింది. నాకు పాత కట్టెసామాను పిచ్చి. అనంతపురంలో జీతం రాగానే సగం పాత పెట్టెలకూ పీటలకూ పోస్తానని మా ఇంట్లో గొడవ. నెట్ సెంటర్లో కూర్చుని ఇలాంటి వేటబాతుల గురించి చదివాను, విదేశాల్లో వీటి కోసం జనం పోటీపడతారని కూడా తెలుసు. అందుకే ఆ బాతును బోర్లించి చూపించాను. పొట్ట కింద గాడి తీసి పోసిన సీసం ఉంది. రొమ్ము కింద తుప్పుపట్టిన చిన్న ఇనుప కొక్కెం ఉంది. "బొమ్మకు పొట్టలో సీసం ఎందుకు చిన్నాయనా?" అన్నాను.

"బరువుకు పోసుంటాడులే. మీ తాతకు పనేముండాది?" అన్నాడు. ఆ మాట మీద పందెం వేసుకున్నాం. తాత చెప్పింది నిజమని తేలితే, "నాయన కోతలు కోయలేదు" అని చిన్నాయన తన నోటితో అవ్వకు చెప్పాలి. తేలకపోతే నేను ఆ ఇంట్లో నా కట్టెల పిచ్చి గురించి మళ్లీ నోరెత్తకూడదు. అవ్వ గడపలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ, "పోండి, పోండి. ఆ ముసలాయన సచ్చినా మిమ్మల్ని తిప్పుతాండాడు" అంది. నవ్వింది కానీ, ఆ నవ్వు నాకు పూర్తి నవ్వులా అనిపించలేదు.

ఆ ఏడాది వానలు దండిగా పడ్డాయి. 2000 దాటిన తర్వాత మా సీమలో చెరువులు అంతగా నిండడం నేను చూడలేదు. కార్తీకంలో ఒక ఆదివారం పొద్దున ఏడింటికి, బాతును పాత దుప్పట్లో చుట్టి సంచిలో పెట్టుకుని, హిందూపురం బస్టాండులో పెనుకొండ బస్సెక్కాం. సోమందేపల్లి మీదుగా గంటకు కాస్త ఎక్కువే పడుతుంది. టికెట్ అప్పట్లో ఇరవై రూపాయల లోపే. కిటికీ పక్క సీటు దొరికితే వదలకండి, ఆ ఏడాది దారి పొడుగునా వేరుశనగ చేలు కళకళలాడుతూ ఉన్నాయి. సంచిలోంచి ముక్కు బయటికి వచ్చిందని చిన్నాయన దుప్పటి సర్దుతుంటే, కండక్టర్ చూసి, "దీనికి టికెట్ వద్దా సార్?" అన్నాడు. "దీనికి మీ బస్సు అక్కర్లేదప్పా, ఇది ఎగుర్తాదంట" అని చిన్నాయన బస్సంతా నవ్వించాడు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

మా దగ్గర ఉన్న ఆధారం ఒక్కటే. ఈ బాతుకు ఒక జోడు ఉందని, దాన్ని తనతో చెరువు మీద తిరిగిన ఎర్రప్ప అనే స్నేహితుడికి ఇచ్చానని తాత చెప్పేవాడు. పెనుకొండలో దిగగానే, తాత వాళ్లు ఉండిన వీధి మొగలో ఒక హోటల్లో బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిన్నాం. ఇద్దరికీ కాఫీతో కలిపి ముప్పై రూపాయలు దాటలేదు, మిరపకాయ బజ్జీ మాత్రం కళ్లలో నీళ్లు తెప్పించింది. పొయ్యి దగ్గరున్న హోటలాయనకు డెబ్బై దాటి ఉంటాయి. ఎర్రప్ప గురించి అడుగుతూ తాత పేరు చెప్పగానే ఆయన గరిటె పక్కన పెట్టాడు.

"బాతుకోతలాయన మనవరాలివా నువ్వు? ఓయమ్మ! మా చిన్నప్పుడు ఆయన అరుగు మీద కూసుంటే మాకు సినిమా అక్కర్లే." తర్వాత చిన్నాయన వైపు చూసి, "నువ్వు చిన్నోడివి కదప్పా? ఇస్కూల్లో అందరూ నిన్ను క్వాక్ క్వాక్ అంటాంటే ఏడ్చుకుంటా ఇంటికి వొస్తాంటివి" అన్నాడు.

చిన్నాయన మిగిలిన కాఫీ ఒక్క గుక్కలో తాగేశాడు. ఆ సంగతి ఆయన మాకెప్పుడూ చెప్పలేదు. అందరికంటే ముందు తనే నవ్వడం ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. ఆయన మీద నాకున్న కోపం సగం దిగిపోయింది. ఎర్రప్ప పోయాడని, కొడుకు నాగరాజు ధర్మవరంలో మగ్గం వేసుకుని స్థిరపడ్డాడని, ఫలానా పేట దగ్గర అడిగితే చెబుతారని హోటలాయన చెప్పాడు. "దొరలు తుపాకులేసుకుని వొచ్చేది నిజమే మ్మా. బాతులు దిగింది మాత్రం మేము సూడలే" అన్నాడు డబ్బులు తీసుకుంటూ.

పెనుకొండ కోట, కొండ మీద గుడి చూడాలనుకునేవాళ్లు సగం రోజు ఉంచుకోండి. మాకు ఆ తీరిక లేదు. ధర్మవరం బస్సుకు గంటన్నర పైనే పట్టింది. ధర్మవరం స్టాండులో ఆటో ఎక్కితే ముప్పై రూపాయలు అడిగాడు, ఇరవై అయిదుకు ఒప్పుకున్నాడు. మగ్గాల చప్పుడు వినపడే వీధిలో దింపి, "చీరలకా మేడమ్?" అన్నాడు. బాతుకు అని చెప్పలేక తలూపాను.

నాగరాజు గుంత మగ్గంలో కూర్చుని పట్టుచీర నేస్తున్నాడు. అరవై ఏళ్ల మనిషి. మేం ఎవరమో చెప్పగానే అడ్డపోగు వేసే నాడె పక్కన పెట్టి పైకి లేచాడు. ఆయన భార్య సావిత్రమ్మ చాప పరిచింది. నేను సంచి విప్పి పచ్చబాతును బయట పెట్టాను. నాగరాజు దాన్ని చూసి మగ్గం పైన ఉన్న గూటిలోకి చెయ్యి పెట్టి, పట్టుగుడ్డ తుండులో చుట్టిన ఒక మూట తీశాడు. విప్పితే జోడుబాతు.

బూడిద రంగు ఒంటి మీద గోధుమరంగు గీతలు ఈక ఈకకూ విడివిడిగా ఉన్నాయి. నల్లటి ముక్కు చివర పసుపు చుక్క. మా చెరువుల్లో తిరిగే బాతుకు ఉండేది సరిగ్గా ఆ చుక్కే. నుదుటి మీద మాత్రం ఎన్నో ఏళ్ల కుంకుమ గడ్డకట్టి ఉంది. రెండింటినీ పక్కపక్కన బోర్లించాను. అదే సీసం, అదే కొక్కెం, మెడను ఒంటికి బిగించిన అదే కట్టె మేకు. చేత్తో ఎత్తితే రెండూ తేలికే, బూరుగు చెక్కలా ఉంది. రెండింటి తలలూ ఒకే వైపు కొంచెం వాలి ఉన్నాయి. జోడుబాతు వీపులో మూడు చోట్ల తుపాకీ రవ్వలు దిగిన గుంటలున్నాయి. పిల్లల బొమ్మ మీద తుపాకీ ఎవరూ కాల్చరు.

"దీనికి బొట్టెందుకు?" అని చిన్నాయన అడిగాడు.

"ఆయుధపూజకు పెడతాం ప్పా. నాడె, కత్తెర, మగ్గం, ఇది. మా నాయన ఉన్నన్నాళ్లూ అంతే. ఇది ఆడుకునే బొమ్మ కాదు, నాకు కూడు పెట్టిన పనిముట్టు అనేవాడు. ఆయన పోయినాక మేమూ పెడతాండాం."

చిన్నాయన ఆ రవ్వల గుంటల్లో వేలు పెట్టి చూశాడు. తర్వాత, "సరే, పనిముట్టే. కానీ బాతులు దిగేది? అది తేలల్ల కదా" అన్నాడు. ఆ గొంతులో వెటకారం లేదు. అది తేలాలని ఆయనే కోరుకుంటున్నట్టు అనిపించింది. సాయంత్రం రెండు బాతులనూ ధర్మవరం చెరువులో వదిలి చూద్దామన్నాను. ఇప్పుడు వేట నేరం, మేం ఉట్టి చూడడానికే. నాగరాజు వెనకాడాడు. పూజలో ఉన్న వస్తువును నీళ్లలో ఎట్లా వదిలేది అన్నాడు. సావిత్రమ్మే తెగేసి చెప్పింది: "పనిముట్టును పనికి పంపకుంటే పూజ ఎందుకు? తీసుకుపోండి."

నాగరాజు స్కూటర్ మీద, మేం ఆటోలో వెళ్లాం. నాలుగున్నరకు కట్ట దిగి, జనం తిరగని వైపు తుమ్మల చాటున చేరాం. కొక్కేలకు నూలుతాడు కట్టి, రెండో కొసకు రాళ్లు కట్టాం. ముందు పచ్చబాతును చిన్నాయనే విసిరాడు. అది నీళ్లలో బోర్లాపడింది. "అయిపాయ" అన్నాడు. అంతలోనే అది పక్కకు ఒరిగి, తనంతట తానే లేచి, నెమ్మదిగా తల ఊపుతూ నిలబడింది. పొట్టలో సీసం ఎందుకో ఇక నేను చెప్పే పని లేకపోయింది. నాగరాజు తన బాతును కళ్లకద్దుకుని దాని పక్కనే వదిలాడు.

కానీ పందెం అది కాదు. ఒక గుంపు ఎగురుతూ వచ్చింది, మా మీదుగా ఒక చుట్టు తిరిగింది, కిందికి దిగబోయి, ఉన్నట్టుండి బెదిరి పైకి లేచి వెళ్లిపోయింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. తాత మాట ఇక్కడిదాకా వచ్చి నీళ్లపాలవుతుందా అనిపించింది. ఎండ వాలుగా పడి నీళ్ల మీద పచ్చబాతు అద్దంలా మెరుస్తోంది. అప్పుడు తట్టింది. ఏ బాతు ఒళ్లూ అట్లా మెరవదు.

"నీ పెయింటు చిన్నాయనా!" అన్నాను.

ఆయన ప్యాంటు మడిచి నీళ్లలోకి దిగాడు. తాడు లాగి బాతును పట్టుకుని, ఒడ్డున ఉన్న బంకమట్టి రెండు చేతులా తీసి దాని ఒళ్లంతా మెత్తాడు. మెరుపన్నది కనపడకుండా, ముక్కు నుంచి తోక దాకా. ఆ పూయడంలో ఎంత జాగ్రత్తో! వాళ్ల నాయన తల తుడుస్తున్నట్టే ఉంది. తిరిగి వచ్చి నా పక్కన బురద చేతులతోనే కూర్చున్నాడు.

ఈసారి రెక్కల చప్పుడు మాకు వెనక నుంచి వినిపించింది. గుంపు తలల మీదుగా పోయింది, చుట్టు తిరిగింది, కాళ్లు ముందుకు చాచింది. నీళ్లు చీల్చుకుంటూ ఒకదాని వెనక ఒకటి మా బాతుల పక్కనే దిగాయి. ఒకటైతే నాగరాజు బాతు దగ్గరికి ఈదుకుంటూ వెళ్లి ముక్కు ఆనించి చూసింది. నాగరాజు కళ్లు తుడుచుకున్నాడు. నేను కేక వేయకుండా చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. గెలిచాం! తాత గెలిచాడు!

చిన్నాయన సెల్‌ఫోన్ తీసి, గుసగుసగా ఇంటికి ఫోన్ చేశాడు. "మా, నేనే. దిగినాయి మా. నాయన కోతలు కోయలే" అన్నాడు. అవతల అవ్వ మాట నాక్కూడా వినిపించింది.

"ఎన్ని గుంపులు?"

"ఒగటి మా."

"గుంపులు గుంపులు అనేవాడు కదరా ఆ మనిషి. ఇంగో గుంపు వొచ్చేదాకా ఆడే ఉండండి. సగం నిజమైతే నాకొద్దు."

తర్వాత ఆ బెంగళూరు వ్యాపారి సంగతి తెలుసుకుని తనే ధర్మవరం వెళ్లాడట. నాగరాజు బాతుకు ఒక పాత స్కూటర్ కొనుక్కునేంత ధర చెప్పాడు, అసలు రంగు చెడకుండా ఉన్నందుకు. మా పచ్చబాతుకు అందులో నాలుగో వంతు కూడా పలకలేదు. పెయింటు గీకితే ఆ కాస్త విలువ కూడా పోతుందన్నాడు. నాగరాజూ అమ్మలేదు, మేమూ అమ్మలేదు. పాత వస్తువు వెల రంగులోనూ చెక్కలోనూ ఉంటుంది, ఆ లెక్క నాకూ వచ్చు. కానీ ఒక మనిషి మాట మీద ఊరంతా నవ్విన నవ్వు ఒక్క సాయంత్రంలో ఆగిపోతే ఆ విలువ కట్టే వ్యాపారి ఏ బెంగళూరులోనూ లేడు. మా బాతు ఇప్పుడు టీవీ మీద లేదు, దేవుడి గూట్లో ఉంది. ఆ మట్టి కూడా కడగనివ్వలేదు అవ్వ. ఆయుధపూజకు చిన్నాయన స్కూటర్ పక్కన పెట్టి, మొదటి బొట్టు దానికే పెడుతుంది.

మీరూ ధర్మవరం చెరువుకు బాతులను చూడడానికి వెళ్తే నా సలహా ఒక్కటే. నాలుగున్నర కల్లా కట్ట కింద చాటున కూర్చోండి, మెరిసే బట్టలు వేసుకోకండి, ఒక గుంపు దిగగానే సంబరపడి లేచి రాకండి. పొద్దు వాలాక రెండో గుంపు వస్తుంది. మాకు వచ్చింది.